తోక సైకిలు

నాకు గెలిచినోళ్ళ మొగాలు తెలీవు.
వీపులు తెలుసు.
అందరికంటే వెనకబడిన ఒక్క వీపు,
పిన్నీసులతో కుట్టిన నంబరు
చెమటకు తడిసి పక్కకు వాలుతా ఉంటాది.

పీఈటీ సారు చెప్పింది ఇంతే:
‘కుళ్ళాయప్పా, చివరోళ్ళ ఎనకాల సైకిలు తొక్కు.
దాటొద్దు. తొందర పెట్టొద్దు.
వాళ్ళు పోయినాక జెండాలు విప్పి సంచిలో వేసుకో.’
పూటకు మూడొందలు, ఉగ్గాని, రెండు బజ్జీలు.

జెండాలంటే జెండాలు కావు.
మా ఆడమనిషి పాత ఎర్రచీర
జానెడు జానెడు చించి
జాలిచెట్లకూ కరెంటు స్తంభాలకూ కట్టినవి.
పొద్దు పొడవక ముందు కట్టేది నేనే,
విప్పేదీ నేనే.
ఐదు కిలోమీటర్ల దోవ
నా చేతుల్లో పుట్టి నా సంచిలో సచ్చిపోతాది.

నాలుగు ఆదివారాలు, నాలుగు ఊర్లు,
పదహారేండ్ల లోపు పిల్లోళ్ళు, ఆడామగా కలిసే.
ఎన్నో స్థానమో అన్ని మార్కులు.
నాలుగూ కూడితే తక్కువొచ్చినోళ్ళు
జోనల్‌కు పోతారు.

మొదటిది ఉరవకొండలో, గాలిమరల కింద.
నా ముందర వీపు నూట పద్నాలుగు.
వన్నూరమ్మ, వజ్రకరూరు హైస్కూలు.
అన్న బూట్లు, మునివేళ్ళ కాడ గుడ్డలు కుక్కినవి.
మర రెక్క నీడ వచ్చి ఇద్దర్నీ కోసి పోయేది,
మళ్ళా వచ్చేది.
‘ఏమప్పా, ఎనకాల ఉండావా?’
‘ఉండాలే.’
‘అయితే నేనే చివర.’
‘నేను చివర. నువ్వు నాకంటే ముందర.’
నవ్వలే. నవ్వడానికి ఊపిరి కావాల గదా.

కళ్యాణదుర్గంలో మళ్ళా అదే వీపు.
చెనక్కాయ పీకిన చేన్లు,
మట్టిపెళ్ళలు మడమను మెలిపెడతాంటే
అరవై రెండు మందిలో అరవై రెండు.
గీత కాడికి వచ్చేసరికి గీతే చెరిగిపోయింది,
నీళ్ళ డ్రమ్ము ఆటోకు ఎక్కించినారు.
దించమని కొట్లాడినా.

గుత్తిలో ఏమైందంటే,
కోట కింద వంక మలుపులో
మేక ఒకటి నా జెండా తినేసింది.
ముందరోళ్ళను చూసి ముందరోళ్ళు పరిగెత్తుతారు,
అందరూ తిన్నగా రైలుపట్టాల దిక్కు పోయినారు.
వన్నూరమ్మ ముందర ఎప్పుడూ ఎవురూ కనపడరు.
ఆ పిల్ల చూసేది నేలనే.
నేల మీద పొద్దున నేను పోసిన సున్నం చార,
ఒక్క కాలు కూడా తొక్కని చార.
మలుపు తిరిగింది.
నేనూ తిరిగినా, నోరు మూసుకుని.
దాటొద్దు, తొందర పెట్టొద్దు, అంతే గదా చెప్పినారు.

ముప్పావు కిలోమీటరు
ఆ పిల్ల జిల్లాకే మొదటిది.
నేను రెండోవాణ్ణి, చైను కిర్రుమంటాంటే.
తీగ మీద పాలపిట్టకు తప్ప
ఎవరికీ తెలీదు. ఆమెకూ తెలీదు.

అప్పుడు ఎనకాల నుంచి కాళ్ళ చప్పుడు,
గొర్రెలమంద రాళ్ళ మీద దిగినట్టు.
తిరిగి చూసింది. అరవై ఒక్క మంది.
‘ఈళ్ళు ఎనకాల ఉండారేమప్పా?’
నేనేమి చెప్పాల.
పరిగెత్తింది.
అంతసేపూ చేసిందాన్ని ఏమనాలో
ఇప్పుడు నాకు తెలీడం లేదు,
పరుగు అంటే ఇది.
ముప్పై ఎనిమిది.

ఆఖరిది శింగనమల, ఎండిన చెరువులో.
బీటల మీద సైకిలు ఎగిరెగిరి పడతాంటే
నా ముందర వేరే వీపు. షాషావలి,
కడుపు పట్టుకుని, ఉగ్గాని ఎక్కువ తిన్నాడంట.
వాని భుజం మీదుగా మెడ చాపి చాపి చూసినా
నూట పద్నాలుగు కోసం.
దూరంగా చుక్కలు. యే చుక్కో.
జీపుకు అంటించిన కాగితంలో దొరికింది: యాభై ఒకటి.
నాలుగూ కూడితే రెండొందల పదమూడు.
జోనల్ మాట ఎవురూ ఎత్తలే.
నేను పోయేసరికి బస్సెక్కి పోయింది.

రాత్రి సంచి కుమ్మరించి
చీరముక్కలు లెక్కబెట్టింది మా ఆడమనిషి.
ఒకటి తక్కువ.
మేక తినిందని చెప్పినా.
దానికి అంత నవ్వెందుకు అనింది.